గేటు దగ్గర లారీ ఆగకుండా: మెసేజ్‌లో డేటా ఎలిమెంట్‌ను ఎలా నిర్వచించాలి

భీమవరం వైపు నుంచి రొయ్యల లోడుతో బయలుదేరిన రీఫర్ (లోపల చలి నిలిపే యంత్రం ఉన్న కంటైనర్) ట్రైలర్ అర్ధరాత్రి దాటాక విశాఖలో కంటైనర్ టెర్మినల్ గేటు ముందు ఆగుతుంది. డ్రైవర్ చేతిలో కాగితాలుంటాయి. అయితే ఆ కాగితాల కంటే ముందే ఒక మెసేజ్ టెర్మినల్ సిస్టమ్‌కు చేరి ఉండాలి. కంటైనర్ నంబర్ ఇది, బరువు ఇంత, లోపల ఇంత చలి ఉండాలి, సీల్ ఇది అని అందులో ఉంటుంది. ఆ మెసేజ్‌లో ఒక్కో విలువ కూర్చునే గడిని డేటా ఎలిమెంట్ అంటాం. ఆఫీసుల్లో ఫీల్డ్ అనే మాటే ఎక్కువ. ఒక్క గడికి అర్థం సరిగ్గా రాయకపోయినా ఆ లారీ గంటల తరబడి రోడ్డు పక్కన నిలబడుతుంది. రీఫర్ యూనిట్ డీజిల్ తాగుతూ ఉంటుంది, డ్రైవర్‌కు నిద్ర ఉండదు.

ఇలాంటి మెసేజ్‌లకు స్పెక్ (ఏ గడిలో ఏం రావాలో చెప్పే పత్రం) రాయడం నా పని. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ల కోసం, పోర్టు ఉదాహరణలతోనే, నేను ఏ వరుసలో పని చేస్తానో రాస్తున్నాను. మీరు ఆసుపత్రి మెసేజ్‌లు రాస్తున్నా, బ్యాంకు మెసేజ్‌లు రాస్తున్నా వరుస ఇదే. స్పెక్ రాస్తున్నంతసేపూ ఆ విలువను ఎక్కడో చూసి టైప్ చేసే మనిషిని కళ్ల ముందు ఉంచుకోండి. డేటాబేస్ టేబుల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

1. విలువ ఎక్కడి నుంచి వస్తుందో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని ప్రతి ఎలిమెంట్ పక్కన దాని పుట్టిల్లు రాయండి. కంటైనర్ నంబర్ కంటైనర్ తలుపు మీద ఉంటుంది. బరువు కాటా చీటీ మీద ఉంటుంది. లారీ నంబర్ ప్లేట్ మీద ఉంటుంది. సరుకు కోడ్ షిప్పింగ్ బిల్లులో ఉంటుంది. ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేని ఎలిమెంట్ కనిపిస్తే దాన్ని మెసేజ్‌లోంచి తీసేయండి. లేకపోతే నింపేవాడు ఏదో ఒకటి నింపుతాడు.

అలాగే కొత్త ఎలిమెంట్ పుట్టించే ముందు ఇప్పటికే ఉన్నవాటిలో వెతకండి. రవాణా, వాణిజ్యం విషయంలో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఎడిఫ్యాక్ట్ డైరెక్టరీలు, అంటే కంప్యూటర్ల మధ్య వెళ్లే వాణిజ్య మెసేజ్‌ల నిర్వచనాల జాబితాలు, దశాబ్దాలుగా ఉన్నాయి. ఎడిఫ్యాక్ట్ మెసేజ్‌ను ఎలా కూర్చాలో చెప్పే నియమాలు (సింటాక్స్) ఐఎస్ఓ 9735 అనే అంతర్జాతీయ స్టాండర్డ్‌గా 1980లలోనే వచ్చాయి. కంటైనర్ గేటు దాటిన సంగతి చెప్పడానికి కోడెకో, తూకం వేసిన బరువు చెప్పడానికి వెర్మాస్ అనే మెసేజ్‌లు అందులో సిద్ధంగా ఉన్నాయి. మీరు జేసన్ లాంటి వేరే ఫార్మాట్‌లో రాస్తున్నా సరే, అర్థాలు అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు.

2. అర్థాన్ని ఒక పూర్తి వాక్యంగా రాయండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. నేను చూసిన స్పెక్‌లలో సగానికి సగం ఇక్కడే కుంటుపడ్డాయి. “కంటైనర్ బరువు: కంటైనర్ యొక్క బరువు” అని రాసి ఉంటుంది. పేరునే తిప్పి రాస్తే అది నిర్వచనం కాదు.

బరువు సంగతే చూడండి. ఒక రీఫర్ గేటుకు వచ్చేసరికి దాని చుట్టూ కనీసం నాలుగు బరువులు తిరుగుతుంటాయి. రొయ్యల నికర బరువు ఒకటి. డబ్బాలు, ప్యాకింగ్‌తో కలిపిన సరుకు బరువు రెండోది. కంటైనర్ ఖాళీ బరువు మూడోది, దీన్ని టేర్ అంటారు. నలభై అడుగుల రీఫర్‌కు ఇదే దాదాపు నాలుగున్నర టన్నులు. కాటా మీద లారీతో సహా తూగిన మొత్తం నాలుగోది. “బరువు” అని మాత్రమే రాస్తే ఎగుమతిదారు ఆఫీసు రెండోది పంపుతుంది, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నాలుగోది పంపుతుంది. రెండూ అంకెలే కాబట్టి సిస్టమ్ రెండిటినీ తీసుకుంటుంది. ఆ అంకెను చూసే ఓడలో ఏ కంటైనర్ కింద పెట్టాలి, ఏది పైన పెట్టాలి అన్నది నిర్ణయిస్తారు. తప్పుడు బరువుల వల్ల ప్రమాదాలు జరుగుతున్నాయనే, సముద్రంలో ప్రాణ రక్షణ కోసం ఉన్న సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద 2016 జూలై 1 నుంచి, నింపిన ప్రతి కంటైనర్‌కూ ధ్రువీకరించిన స్థూల బరువు ఇవ్వనిదే ఓడలోకి ఎక్కించకూడదన్న నిబంధన వచ్చింది.

కాబట్టి నేనైతే ఇలా రాస్తాను: “సరుకు, దాని ప్యాకింగ్, సరుకు కదలకుండా పెట్టిన చెక్కలు, కంటైనర్ ఖాళీ బరువు, ఇవన్నీ కలిపిన మొత్తం బరువు, కిలోగ్రాముల్లో. లారీ, ట్రైలర్ బరువు ఇందులో ఉండకూడదు. నింపిన కంటైనర్‌ను తూచి గానీ, లోపలివన్నీ విడిగా తూచి టేర్ కలిపి గానీ ఇది వచ్చి ఉండాలి.” ఇందులో ఏది కలుస్తుందో ఉంది, ఏది కలవకూడదో ఉంది, కొలమానం ఉంది. “ఏది కలవకూడదు” అన్న వాక్యాన్ని ఎప్పుడూ వదిలేయకండి. పక్కపక్కనే ఉండే రెండు అర్థాలను విడదీసేది అదే.

ఐఎస్ఓ 11179 అనే స్టాండర్డ్ దీన్ని మూడు ముక్కలుగా ఆలోచించమంటుంది. ఏ వస్తువు గురించి, దాని ఏ లక్షణం గురించి, దాన్ని ఏ రూపంలో చెబుతున్నాం అన్నవే ఆ మూడు. కంటైనర్, స్థూల బరువు, కిలోలు. ఈ మూడింటిలో ఏది మారినా అది వేరే ఎలిమెంట్. టన్నుల్లో కావాలంటే అదే గడిలో ఇరికించకండి. కొలమానం మారుతూ ఉంటుందనుకుంటే పక్కన కొలమానానికి ఒక గడి పెట్టి, కిలోకు కెజిఎం, టన్నుకు టిఎన్ఈ లాంటి ఐక్యరాజ్యసమితి కోడ్‌లు అడగండి. నా సలహా మాత్రం ఒక్క కొలమానానికే కట్టుబడమని. రెండు ఉంటే ఎవరో ఒకరు 26.4 అని రాసి కోడ్ మార్చడం మర్చిపోతారు, ఇరవై ఆరు కిలోల కంటైనర్ తయారవుతుంది.

3. అంకెల్లా కనిపించేవన్నీ సంఖ్యలు కావు

టైప్ నిర్ణయించేటప్పుడు ఒకే ప్రశ్న వేసుకోండి: దీన్ని ఎప్పుడైనా కూడతామా, తీసేస్తామా? లేదంటే అది స్ట్రింగ్, అంటే ఉన్నదున్నట్టు ఉంచాల్సిన అక్షరాల వరుస.

విశాఖ నుంచి వెళ్లే గడ్డకట్టించిన రొయ్యల్లో చాలావరకు 030617 అనే హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకం చెప్పే కోడ్) కిందికి వస్తాయి. మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే, మన దేశంలో ఇంకో రెండు కలిపి ఎనిమిది రాస్తాం. ఆ ఎలిమెంట్‌ను సంఖ్య అని రాశారనుకోండి, ముందున్న సున్నా రాలిపోయి 30617 మిగులుతుంది. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసినా ఇదే జరుగుతుంది. ఈ కోడ్‌లో మొదటి రెండు అంకెలు అధ్యాయం, ముప్పయ్యో అధ్యాయం మందులది. కోడ్‌ను ఎడమ నుంచి రెండు అంకెలు చొప్పున చదివే సిస్టమ్‌కు రొయ్యలు కాస్తా మందులైపోతాయి. అందుకే ఇక్కడ “స్ట్రింగ్, అంకెలు మాత్రమే, సరిగ్గా 8 స్థానాలు, ముందున్న సున్నా ఉంచాలి” అని రాయాలి.

నిజంగా సంఖ్యే అయినప్పుడు ఎన్ని దశాంశ స్థానాలో, రుణ (మైనస్) విలువ రావచ్చో లేదో, కనిష్ఠం గరిష్ఠం ఎంతో రాయండి. లక్షల మధ్య మనం పెట్టుకునే కామాలు సంఖ్యలో రాకూడదని కూడా రాయండి, ఎందుకంటే కొన్ని దేశాల్లో కామానే దశాంశ బిందువు.

మైనస్ గుర్తు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నేను పనిచేసిన ఒక చోట రీఫర్ ఉష్ణోగ్రతకు “సంఖ్య, 2 స్థానాలు” అని మాత్రమే రాసి ఉంది. పంపేవాళ్లు మైనస్ 18 పంపారు. ఎడిఫ్యాక్ట్ నియమం ప్రకారం పొడవు లెక్కలో మైనస్ గుర్తూ, దశాంశ బిందువూ చేరవు, కాబట్టి వాళ్లు చేసింది సబబే. అవతల సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు మాత్రం మొత్తం రెండు అక్షరాలే అనుకుని కుడివైపు నుంచి రెండు తీసుకున్నారు. స్క్రీన్ మీద 18 అని పడింది. ఆ రాత్రి సరుకు దక్కిందంటే రీఫర్ యార్డులో ప్లగ్ పెట్టే కుర్రాడి వల్లే. “సార్, రొయ్యలకు ప్లస్ పద్దెనిమిదేంటి?” అని ఫోన్ చేశాడు. అప్పటి నుంచి నా స్పెక్‌లో ఉష్ణోగ్రతకు ఇలా ఉంటుంది: డిగ్రీల సెల్సియస్, ఒక దశాంశ స్థానం, రుణ విలువ రావచ్చు, గుర్తును విడిగా కాకుండా సంఖ్యతోనే పంపాలి, ఉదాహరణ −18.0. ఇది యంత్రానికి పెట్టాల్సిన ఉష్ణోగ్రత అనీ, లోపల ఇప్పుడు కొలిచినది కాదనీ కూడా రాస్తాను. అవి రెండు వేర్వేరు ఎలిమెంట్లు.

4. పొడవు: ఎంత వరకు, సరిగ్గా ఎంత

ఎడిఫ్యాక్ట్‌లో ఏఎన్..17 అంటే అక్షరాలూ అంకెలూ కలిపి 17 వరకు అని, చుక్కలు లేకుండా ఏఎన్17 అంటే సరిగ్గా 17 అని అర్థం. ఆ రెండు చుక్కలు కంటపడక తప్పులు చేసినవాళ్లు చాలామంది. కంటైనర్ గుర్తింపు ఎలిమెంట్‌కు ఆ డైరెక్టరీ 17 వరకు చోటిస్తుంది, ఎందుకంటే అది అన్ని రకాల పరికరాలకూ పనికిరావాలి. మీ మెసేజ్‌లో కంటైనర్లు మాత్రమే వస్తాయంటే దాన్ని సరిగ్గా 11కు బిగించండి. స్టాండర్డ్ వదులుగా ఉన్నంత మాత్రాన మీరూ వదులుగా ఉండక్కర్లేదు.

పేర్లు తెలుగులో రావచ్చంటే పొడవు దేనిలో లెక్కపెడుతున్నారో తప్పకుండా రాయాలి. “విశాఖపట్నం” అన్న మాట తీసుకోండి. పలికేటప్పుడు అయిదు అక్షరాలు. కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్‌లో గుణింతాలు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి పది కోడ్ పాయింట్లు (యూనికోడ్ లెక్కించే యూనిట్లు). వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు చొప్పున ముప్పై బైట్లు. “20 వరకు” అని ఊరికే రాస్తే ఒక సిస్టమ్ ఈ పేరు తీసుకుంటుంది, బైట్లు లెక్కపెట్టే సిస్టమ్ ఒత్తు దగ్గరో గుణింతం దగ్గరో కోసేస్తుంది.

డ్రైవర్ పేరుకు రెండు గడులు, మొదటి పేరు ఒకటీ చివరి పేరు ఒకటీ పెట్టకండి. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, చాలామందికి లైసెన్స్ మీద ఒక్క అక్షరంగానే ఉంటుంది. “లైసెన్స్ మీద ఉన్నట్టే పూర్తి పేరు” అని ఒకటే గడి చాలు.

5. నమూనా బిగించేటప్పుడు రేపటిని కూడా చూడండి

నమూనా అంటే విలువ ఏ రూపంలో ఉండాలో చెప్పే నియమం. లారీ నంబర్‌కు “ఏపీ31తో మొదలవ్వాలి” అని రాసిన స్పెక్ ఒకటి నా చేతికొచ్చింది. ఒకప్పుడు విశాఖ బళ్లకు ఏపీ31 ఉండేది కాబట్టి ఎవరో అలా రాశారు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ39 సిరీస్ వచ్చింది. 2024 మార్చిలో తెలంగాణ బళ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ లారీలు ఈ పోర్టుకు రోజూ వస్తాయి. ఇలాంటి నమూనా పెడితే తప్పుల కంటే సరైన బళ్లనే ఎక్కువ ఆపుతుంది. నమూనా ఎవరి చేతుల్లో ఉందో చూడండి. నియమం ప్రభుత్వానిదైతే, రేపు మారే అవకాశం ఉంటే, మీరు వదులుగా ఉంచండి: పెద్ద అక్షరాలు, అంకెలు, మధ్యలో ఖాళీలూ గీతలూ వద్దు, ఇంత పొడవు వరకు. అంతే.

కంటైనర్ నంబర్ దీనికి పూర్తిగా వేరు. దాని నియమం ఐఎస్ఓ 6346లో స్థిరంగా ఉంది, కాబట్టి ఎంత బిగించినా మంచిదే. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక చెక్ డిజిట్ (మిగతా నంబర్ సరిగ్గా ఉందో లేదో తేల్చే అంకె). సరుకు కంటైనర్లకు నాలుగో అక్షరం యూ. చెక్ డిజిట్‌ను మీ స్పెక్‌లో లెక్కతో సహా చూపించండి, “చెల్లుబాటయ్యే నంబర్ కావాలి” అని వదిలేయకండి.

లెక్క ఇదీ. ‘ఏ’ (A) అనే అక్షరానికి 10 నుంచి మొదలుపెట్టి జడ్ 38 వరకు విలువలు ఇస్తారు, మధ్యలో 11, 22, 33 వదిలేస్తారు. ఎడమ నుంచి ఒక్కో స్థానాన్నీ 1, 2, 4, 8 ఇలా రెట్టింపవుతూ 512 వరకు గుణిస్తారు. అన్నీ కూడి 11తో భాగిస్తే వచ్చే శేషమే చెక్ డిజిట్. సిఎస్‌క్యూయూ 305438 తీసుకోండి. సికి 13, ఎస్‌కు 30, క్యూకు 28, యూకు 32. గుణించి కూడితే మొత్తం 6185. పదకొండుతో భాగిస్తే 562 పోయి 3 మిగులుతుంది. కాబట్టి పూర్తి నంబర్ సిఎస్‌క్యూయూ 305438 3. శేషం 10 వస్తే 0 రాస్తారు, అలాంటి నంబర్లు వీలైనంత వరకు వాడొద్దని స్టాండర్డే చెబుతుంది. గేటు దగ్గర చీకట్లో 3ను 8గా చదివినా ఈ ఒక్క అంకె పట్టేస్తుంది.

6. కోడ్ లిస్ట్‌కు ఒక యజమాని ఉండాలి

యార్డులో “ఇరవై”, “నలభై”, “హైక్యూబ్” (ఎత్తు ఎక్కువ ఉన్న కంటైనర్), “రీఫర్” అంటారు. మెసేజ్‌లో 22జి1, 42జి1, 45జి1, 45ఆర్1 అని వెళ్తాయి. మీ స్పెక్‌లో ఈ రెండూ పక్కపక్కన ఉండాలి, ఎందుకంటే గేటు క్లర్క్ నోట వచ్చేది మొదటి వరుస. కోడ్ లిస్ట్ ఎవరిదో, ఏ వెర్షనో రాయండి. పోర్టులకు ఐక్యరాజ్యసమితి ఇచ్చే ఊరి కోడ్, లొకోడ్ ఉంది, విశాఖ కోడ్ ఐఎన్‌విటిజడ్. అది ఉండగా “వైజాగ్”, “విశాఖ”, “విశాఖపట్టణం” అని చేత్తో రాయనివ్వకండి.

అర్థం కనిపించని కోడ్‌ల దగ్గర మరింత జాగ్రత్త. ఎడిఫ్యాక్ట్‌లో కంటైనర్ ఖాళీగా ఉంటే 4, నిండుగా ఉంటే 5. వాటిని లెక్కించే అంకెలనుకుని 0, 1 పంపినవాళ్లు ఉన్నారు. ప్రతి కోడ్ పక్కన ఒక తెలుగు వాక్యం రాసిపెట్టండి. “ఇతరములు” అనే కోడ్ పెట్టాల్సి వస్తే, అది వాడినప్పుడు వివరణ గడి తప్పనిసరి చేయండి. లేకపోతే నెల తిరిగేసరికి సగం మెసేజ్‌లు అందులోనే పడతాయి.

7. ఎన్నిసార్లు రావచ్చు, ఎప్పుడు తప్పనిసరి

ప్రతి ఎలిమెంట్‌కూ కనిష్ఠం, గరిష్ఠం రాయాలి. 1..1 అంటే సరిగ్గా ఒకటి, 0..1 అంటే ఉంటే ఒకటి, 0..ఎన్ అంటే ఎన్నైనా. సీల్ దగ్గర చాలామంది 1..1 రాసేస్తారు. కానీ ఖాళీ కంటైనర్‌కు సీల్ ఉండకపోవచ్చు. నిండు కంటైనర్‌కు షిప్పింగ్ లైన్ వేసిన బోల్ట్ సీల్, ఎగుమతిదారు ఫ్యాక్టరీలో వేసిన ఎలక్ట్రానిక్ సీల్ రెండూ ఉండవచ్చు. కస్టమ్స్ తెరిచి చూస్తే కొత్తది వస్తుంది. అందుకని సీల్ ఒక గుంపుగా 0..ఎన్ ఉండాలి. ఒక్కో గుంపులో సీల్ నంబర్ 1..1, ఎవరు వేశారో చెప్పే కోడ్ 1..1. ఒకే గడిలో కామాలు పెట్టి మూడు నంబర్లు పంపనివ్వకండి.

షరతులతో వచ్చేవి అన్నిటికంటే కష్టం. “రీఫర్ అయితే ఉష్ణోగ్రత తప్పనిసరి” అని రాయాలనిపిస్తుంది. నిజమేనా? రీఫర్ పెట్టెలో యంత్రం ఆపేసి మామూలు సరుకు తీసుకెళ్లడం ఈ వ్యాపారంలో ఉన్నదే. ఖాళీ రీఫర్ కూడా గేటు దాటుతుంది. ఆ షరతు పెడితే క్లర్క్ గత్యంతరం లేక 0 కొడతాడు. సున్నా డిగ్రీలు అన్నది నిజమైన ఉష్ణోగ్రత, ఎవరో దాన్ని నమ్మి యంత్రం ఆన్ చేస్తారు. సరైన దారి ఏమిటంటే “యంత్రం నడవాలా” అని అవును/కాదు ఎలిమెంట్ ఒకటి పెట్టి, అవును అయితేనే ఉష్ణోగ్రత తప్పనిసరి, కాదు అయితే ఉష్ణోగ్రత గడి అసలు రాకూడదు అని రాయడం.

దీన్నే అన్నిచోట్లా పాటించండి. విలువ లేదు, విలువ తెలియదు, విలువ సున్నా, ఈ మూడూ మూడు వేర్వేరు సంగతులు. లేనప్పుడు గడి పంపొద్దు. తెలియనప్పుడు ఎందుకు తెలియదో చెప్పే కోడ్ పంపాలి. 999, ఎన్ఏ, చుక్క, గీత ఇవేవీ విలువలు కావని స్పెక్‌లో పేర్లతో సహా నిషేధించండి.

8. తేదీ, సమయం

03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా షిప్పింగ్ లైన్ ఆఫీసులో మార్చి 4. ఏడాది, నెల, రోజు వరుసలో ఐఎస్ఓ 8601 రూపమే అడగండి. సమయంతో పాటు టైమ్ జోన్ తప్పనిసరి చేయండి. విశాఖ గేటులో 15వ తేదీ తెల్లవారుజామున 2:10కి లోపలికొచ్చిన కంటైనర్, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కలో 14వ తేదీ రాత్రి 8:40కి వచ్చినట్టు. కటాఫ్ (కంటైనర్ చేరాల్సిన గడువు) 14వ తేదీ అర్ధరాత్రి అయితే ఒక సిస్టమ్ సకాలంలో వచ్చిందంటుంది, ఇంకోటి ఆలస్యమంటుంది. మధ్యలో డబ్బు కట్టాల్సింది ఎగుమతిదారు. ఎడిఫ్యాక్ట్‌లో 203 అనే ఫార్మాట్‌లో జోన్ ఉండదు, 303లో ఉంటుంది. పాతది వాడక తప్పకపోతే “గేటు ఉన్న చోటి స్థానిక సమయం” అని ఒక వాక్యం రాయండి. గేట్-ఇన్ సమయం అంటే లారీ క్యూలోకి వచ్చిన క్షణమా, బారికేడ్ లేచిన క్షణమా అన్నది కూడా అక్కడే తేల్చండి.

9. ఉదాహరణలు రాసి, గేటు దగ్గరికి తీసుకెళ్లండి

ప్రతి ఎలిమెంట్‌కూ చెల్లే ఉదాహరణలు రెండు మూడు, చెల్లనివి రెండు మూడు రాయండి, ఎందుకు చెల్లదో పక్కన ఒక ముక్క. బరువుకు 26480 చెల్లుతుంది. 26,480 చెల్లదు, కామా ఉంది. 26.48 కూడా చెల్లదు, కనిష్ఠం కంటే తక్కువ, బహుశా టన్నులు. డెవలపర్లు నిర్వచనం చదవకపోయినా ఉదాహరణలు చదువుతారు, అందుకే వాటి మీద శ్రద్ధ పెట్టండి.

తర్వాత ప్రింట్ తీసుకుని ఆ విలువలు నింపే మనిషి దగ్గర కూర్చోండి. షీలానగర్ వైపు ఒక యార్డ్ ఆఫీసులో రాత్రి షిఫ్ట్ అన్నతో నేను ఒక పూట కూర్చున్నాను. నా వాక్యం చదివి వినిపించి, “అన్నా, ఇది చూసి ఏం రాస్తారు?” అని అడిగాను. ఇరవై రెండు ఎలిమెంట్లలో అయిదింటికి నేను అనుకున్నది కాక వేరేది రాశారు. ఆ అయిదు వాక్యాలనూ ఆయన మాటల్లోకి మార్చాను. మీరు కూడా తప్పు వచ్చిన చోట మనిషిని కాకుండా వాక్యాన్ని దిద్దండి.

10. మార్చినప్పుడు

పొడవు పెంచడం, 1..1ను 0..1 చేయడం లాంటివి పంపేవాళ్లకు ఇబ్బంది కావు, తీసుకునేవాళ్లకు కావచ్చు. బిగించడం దీనికి తిరగేసి ఉంటుంది. అందుకే మార్పు ఏ వైపు వాళ్లను తాకుతుందో వెర్షన్ పట్టికలో రాయండి. అర్థం మాత్రం ఎప్పుడూ మార్చకండి. “గేట్-ఇన్ సమయం” నిన్నటిదాకా క్యూలోకి వచ్చిన క్షణమై, రేపటి నుంచి బారికేడ్ లేచిన క్షణం కావాలంటే, పాత ఎలిమెంట్‌ను అలాగే ఉంచి కొత్త పేరుతో ఇంకోటి పెట్టండి. పాతది ఏ తేదీ నుంచి ఆగిపోతుందో రాసి, ఆ తేదీని ప్రతి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకూ, సిఎఫ్‌ఎస్‌కూ (కంటైనర్లు నింపే, ఖాళీ చేసే యార్డు) ముందే ఫోన్ చేసి చెప్పండి. అందరూ మారారని లాగ్‌లో చూశాకే పాత గడిని తీసేయండి.